వాగు ఇవతల రెండు మైళ్ళు

మొన్న శనివారం వినుకొండ బస్టాండులో నిలబడి ఉంటే ఎవరో వెనకనుంచి నా చేతిలో సంచీ అందుకున్నారు. తిరిగి చూస్తే నెరిసిన గడ్డం, మాసిన పంచె. "టీచరమ్మా, గుర్తుపట్టలేదా నన్ను?" అన్నాడు. గొంతు విన్నాక గుర్తుపట్టాను. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో వారానికి రెండుసార్లు ఎక్కిన పొదిలి బస్సులో కండక్టరు. ఇప్పుడు మిరపకాయల కమీషను కొట్లో గుమాస్తాగా ఉన్నాడట.

క్షేమసమాచారాలయ్యాక, "మన డ్రైవరు గారు పోయారు, తెలుసా?" అన్నాడు.

నాకు తెలియదు.

"ఆర్నెల్లయిందంట. నాగపూరు అవతల ఎక్కడో. లారీ తోలుతుంటే గుండెల్లో నొప్పొచ్చిందంట. బండి పక్కకి తీసి, బ్రేకేసి, ఇంజనాపి, అప్పుడు తల వాల్చాడంట. క్లీనరు చెప్పాడు."

నా బస్సు వచ్చేసింది. సంచీ తీసుకుని ఎక్కాను.  ఊరు దాటాక కూడా కుదురుగా కూర్చోలేకపోయాను. పక్కనున్నావిడ "వాంతి వస్తదా అమ్మా? కిటికీ దగ్గరికి వస్తావా?" అని అడిగింది.

ఆయన పేరు నేనిక్కడ రాయడం లేదు. బస్సులో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. నాకూ ఆ పేరుతో గుర్తు లేరు. డ్రైవరు గారు, అంతే.

మనిషి బాగా పొడుగు. బస్సు లోపల తల పైకప్పుకు తగులుతుంది గనక కొంచెం వంగి నడిచేవారు. కిందికి దిగాక కూడా ఆ వంపు పోయేది కాదు. హోటలు దగ్గర బస్సు ఆపితే అందరూ బల్లల మీద కూర్చునేవారు, ఆయన మాత్రం టీ గ్లాసు పట్టుకుని రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ తాగేవారు. సగం తాగి మిగతాది పారబోసేవారు. ఎప్పుడైనా కూర్చోక తప్పకపోతే కుడిపాదం లేస్తూ పడుతూ ఉండేది, కింద బ్రేకు ఉన్నట్టు. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ మొహం చూసేవారు కాదు. మన భుజం మీదుగా రోడ్డు వైపు చూసేవారు. మొదట్లో నాకది అమర్యాదగా అనిపించింది.

చీరాల పక్కన నేతవాళ్ళ బిడ్డ. "గుంటమగ్గంలో కాళ్ళు దించి కూర్చుంటే నేల నన్ను పట్టుకున్నట్టుండేదండీ" అన్నారొకసారి. "మా నాన్న ఒక పంచె నేసేలోపల నేను పదిసార్లు లేచేవాణ్ణి. 'నీకు నిలకడ లేదురా, ఎటన్నా పో' అన్నాడు. పోయాను. బస్రా దాకా పోయాను."

యుద్ధంలో సైన్యానికి లారీలు తోలారాయన. ఇరాకు, పర్షియా, ఈజిప్టు, ఆఖరున ఇటలీ. అన్ని దేశాలు తిరిగిన మనిషి కదా, ఏవేవో వింతలు చెప్తారని ఆశపడ్డాను. ఆయన చూసినవి రోడ్లు. "ఈజిప్టులో పిరమిడ్లు చూశారా?" అని అడిగితే, "చూశానండీ, దూరం నుంచి. అక్కడికి పోయే రోడ్డు బాగుండేది" అన్నారు.

నేను పనిచేసే బడి వాగు అవతల, పక్క జిల్లాలో. అమ్మా తమ్ముడూ వినుకొండలో. సోమవారం పొద్దున వెళ్ళి శనివారం మధ్యాహ్నం తిరిగి వచ్చేదాన్ని. మొదటి నెలలోనే ఒక సంగతి జరిగింది. డ్రైవరు పక్కన ఉండే ఒంటి సీటులో కూర్చున్నాను. ఒక ఊళ్ళో ఎక్కిన పెద్దరైతు నన్నొకసారి చూసి, మాది ఏ పాలెమో, ఏ కులమో కండక్టరును అడిగి తెలుసుకుని, "ఆ అమ్మాయిని వెనక్కి పొమ్మను" అన్నాడు.  నేను లేవబోయాను.

డ్రైవరు గారు వెనక్కి తిరగలేదు. "ఆ సీటు కింద ఇంజనుందండీ. పిర్రలు కాలతై. మీరు కూర్చుంటానంటే లేపుతాను, మళ్ళా నన్ననొద్దు" అన్నారు.

బస్సంతా నవ్వింది. ఆ రైతు వెనక కూర్చున్నాడు. ఆ సీటు నిజంగానే కాలేది. ఆరేళ్ళపాటు పాత చీర మడిచి వేసుకుని దాని మీదే కూర్చున్నాను.

అక్కడ కూర్చునే ఆయన మాటలన్నీ విన్నాను. ఇరాకు ఎడారిలో రోడ్డే ఉండదట, దూరదూరంగా నిలబెట్టిన పీపాలు చూసుకుంటూ పోవాలట. పర్షియా కొండల్లో కంకర రోడ్డు, ఒక పక్క లోయ, ఎదురుగా వచ్చే బండికి దారివ్వాలంటే చక్రం సగం గాలిలో. ఇటలీ రోడ్ల గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవారు, పెద్దవాళ్ళ గురించి మాట్లాడుతున్నట్టు. "కొండ మీద ఊరుంటే ఊరి దాకా రోడ్డుంటదండీ. మలుపు మలుపుకీ రాతిగోడ. రెండు పక్కలా కాలవ. ఎంత వాన పడ్డా రోడ్డు మీద చెంబుడు నీళ్ళు నిలవవు." ఒక పొద్దున బాంబులు పడి ఒక ఊరి రోడ్డు గుంటలు పడిందట. సాయంత్రం లారీలతో తిరిగొచ్చేసరికి ఆ ఊరి ఆడవాళ్ళు గంపలతో రాళ్ళు మోసి గుంటలు పూడుస్తున్నారట. "ఎవరి యుద్ధమో వాళ్ళకీ తెలీదు, మాకూ తెలీదు. రోడ్డు మాత్రం వాళ్ళదని తెలుసండీ వాళ్ళకి."

ఎక్కువసార్లు చెప్పింది మాత్రం ఇరాకుకూ పర్షియాకూ మధ్య చూసిన ఒక గేటు సంగతి. గేటు ఇవతల నున్నటి తారు. అవతల మోకాలి లోతు దుమ్ము. మధ్యన అడ్డంగా ఒక కర్ర. "ఒకటే నేల, ఒకటే ఎండ. కర్ర దాటగానే బండి గోల పెట్టేది. ఎవరిది తప్పని అడిగితే అటు వాడు ఇటు చూపించేవాడు, ఇటు వాడు అటు."

మాకూ అలాంటి చోటొకటి ఉండేది. వినుకొండ నుంచి వచ్చే కంకర రోడ్డు ఒకచోట ఆగిపోయేది. అక్కణ్ణుంచి వాగు దాకా రెండు మైళ్ళు ఉత్త నల్లరేగడి. వాగు దాటాక మళ్ళీ రోడ్డు. ఆ రెండు మైళ్ళలో ఎక్కడో జిల్లా మారుతుంది. ఎక్కడో అప్పటికి ఎవరికీ తెలియదు, సరిహద్దు రాయి ఏనాడో పోయింది. వానాకాలంలో అందరం దిగి చెప్పులు చేత పట్టుకుని నడిచేవాళ్ళం. బస్సును ఎడ్లతో లాగించేవారు. ఎండాకాలం వస్తే ఆ బురదే బండిచాళ్ళుగా గట్టిపడి రాయయ్యేది. కంకర అయిపోయి బస్సు మొదటి కుదుపు కుదపగానే డ్రైవరు గారు పైకే అనేవారు, "ఇదొక రోడ్డా!" అని. ప్రతిసారీ. నేను ఎక్కిన ఏ రోజూ ఆ మాట తప్పలేదు.

ఆ రెండు మైళ్ళ కోసం ఆయన అర్జీలు పెట్టేవారు. చెప్పేది ఆయన, రాసేది నేను. మొదట మద్రాసుకు రాశాం. రాష్ట్రం విడిపోయాక కర్నూలుకు రాశాం. తర్వాత హైదరాబాదుకు. రాజధాని మారినప్పుడల్లా ఆయనకు కొత్త ఆశ పుట్టేది.

"ఇటలీ సంగతి రాయండి."

"మంత్రి గారికి ఇటలీ ఎందుకండీ?"

"తెలియాలి గదండీ, ఇట్టా కూడా ఉంటదని."

నేను ఇటలీ తీసేసి రాసేదాన్ని. ఆయన చదివించుకుని, ఇటలీ లేదని గుర్తుపట్టి, మళ్ళీ రాయించేవారు.

ఇవన్నీ నవ్వుకోదగ్గ విషయాలుగానే ఉండేవి, మరియమ్మ పోయేదాకా.

మరియమ్మ మా బడి వెనక పాలెంలో ఉండేది. కూలిమనిషి. ఆమె కూతురు నా దగ్గర మూడో తరగతి. చేలో పత్తికట్టె పీకుతుంటే మోడు ఒకటి అరికాల్లో దిగిందట. పసుపు పెట్టి కట్టుకట్టుకుని పనికి పోయింది. వారం తిరక్కుండా దవడలు బిగుసుకున్నాయి. ధనుర్వాతం. ఒక శనివారం నేను బస్సు కోసం నిలబడి ఉండగా, ఆమె భర్తా ఇంకో ముగ్గురూ నులకమంచం మీద మోసుకొచ్చారు. మంచం అక్కడే వదిలి ఆమెను బస్సులో వెనక సీటు మీద పడుకోబెట్టారు. తల నా ఒళ్ళో పెట్టుకున్నాను.

వాగు దాకా బాగానే ఉంది. వాగు దాటి రేగడిలో మొదటి చాలు ఎక్కి దిగగానే ఆమె ఒళ్ళంతా విల్లులాగా లేచిపోయింది. మడమలూ తలా తప్ప ఏదీ సీటుకు ఆనడం లేదు. బిగిసిన పళ్ళ మధ్యనుంచి ఒక శబ్దం వచ్చింది. డ్రైవరు గారు బస్సు ఆపేశారు. కుదుపు ఆగాక ఒళ్ళు కొంచెం వదులైంది. మళ్ళీ నడిపారు. పది గజాలు. మళ్ళీ అదే.

ఆయన దిగి వచ్చి కిటికీలోంచి ఆమెను చూశారు. ముందున్న దారి చూశారు. "మంచం తెండి" అన్నారు.

భర్త పరుగెత్తాడు. అతను మంచంతో తిరిగొచ్చేదాకా, ఎండలో ఆగిన బస్సులో, ఈగలు తోలుతూ కూర్చున్నాను. తర్వాత ఆమెను మంచం మీదికి మార్చి నలుగురు మగవాళ్ళు భుజాల మీద ఎత్తుకున్నారు. డ్రైవరు గారు ఖాళీ బస్సును ఎగిరెగిరి పడుతున్నా ఆపకుండా కంకర రోడ్డు దాకా తోలి, అక్కడ వదిలి, ఆ రెండు మైళ్ళూ వెనక్కి పరుగెత్తుకుంటూ వచ్చారు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. ఒకణ్ణి తప్పించి మంచంకోడు తన భుజం మీద పెట్టుకున్నారు. ఆయన పొడుగు గనక మంచం ఒక పక్కకి వాలింది. అది సరిచేయడానికి దారంతా మోకాళ్ళు వంచి నడిచారు.

వినుకొండ చేరేసరికి రెండు గంటలు ఆలస్యం. డాక్టరు ఇంజక్షన్ ఇచ్చి గుంటూరు పంపించాడు. మూడోరోజు మరియమ్మ చనిపోయింది.

డ్రైవరు గారు ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళి అడిగారట, రెండు గంటలు ముందు తెచ్చి ఉంటే బతికేదా అని. డాక్టరు చెప్పలేనన్నాడట.

"బతికేది అనుంటే ఏడ్చేవాణ్ణండీ. ఎట్టాగూ బతికేది కాదు అనుంటే మర్చిపోయేవాణ్ణి. చెప్పలేనన్నాడు" అని నాతో అన్నారు. ఆ మాట తర్వాత చాలాసార్లు విన్నాను. గేరు మారుస్తూ, ఎవరితోనూ కాకుండా, "చెప్పలేనన్నాడు" అనేవారు.

ఆ వారమే రెండు అర్జీలు రాశాం, రెండు జిల్లాలకూ. చిత్రంగా ఈసారి రెండింటికీ జవాబు వచ్చింది. సదరు రోడ్డు భాగము తమ సరిహద్దులో లేదని ఒకరు, తమ సరిహద్దులో లేదని ఇంకొకరు. నేను రెండూ చదివి వినిపించాను. ఆయన కాగితాలు రెండూ తీసుకుని, అతుకు కలుస్తుందేమోనన్నట్టు పక్కపక్కన పెట్టి చూశారు.

సరిహద్దు రాయి దొరకడం అనుకోకుండా జరిగింది. రేడియేటరుకు నీళ్ళ కోసం ఒక మిరపచేను పక్క బావి దగ్గరికి వెళ్ళినప్పుడు, అక్కడ ఒకావిడ బట్టలుతుకుతున్న బండ ఆయన కంటపడింది. పక్కన చెక్కిన అక్షరాలున్నాయి. ఒక వైపు మా జిల్లా, రెండో వైపు పక్క జిల్లా. చేను గల రైతును అడిగితే, "మా నాయన తెచ్చాడు. వరదొచ్చినప్పుడు తుమ్మచెట్ల కాడ పడిపోయుందంట. నున్నగుందని తెచ్చుకున్నాడు" అన్నాడు.

మరుసటి శనివారం ఆయన వినుకొండ నుంచి ఇంకా పెద్ద బండ ఒకటి బస్సు మీద వేయించుకొచ్చి ఆ రైతుకిచ్చారు. రైతు కొత్త బండను తట్టి చూసుకుని, అక్షరాల రాయిని సంతోషంగా బస్సులోకి ఎత్తించాడు. ఆ మధ్యాహ్నం బస్సు దాదాపు ఖాళీ. డ్రైవరు గారూ కండక్టరూ నేనూ, వెనక సీట్లో నిద్రపోతున్న ఒక ముసలాయన.

తుమ్మచెట్ల దగ్గర ఆపారు. సరిగ్గా రెండు మైళ్ళకు నడిమధ్య. కండక్టరు గునపం తీసి తవ్వబోతే వద్దన్నారు. అటు చూశారు, ఇటు చూశారు. నాలుగడుగులు అటు వేశారు, నాలుగు ఇటు.

"ఇక్కడే ఉండేదండీ ఇది. ఇక్కడే పాతితే మైలు వాళ్ళది, మైలు వీళ్ళది. వాళ్ళు వేసేదాకా వీళ్ళు వెయ్యరు. మళ్ళీ కర్ర అడ్డం పెట్టినట్టే."

తర్వాత నా మొహంలోకి చూశారు. అన్నేళ్ళలో ఆయన నన్ను సూటిగా చూడటం అదే మొదటిసారి. "మీరు చెప్పండి టీచరమ్మగారూ. ఎక్కడ పాతమంటారు?"

నేను చెయ్యెత్తి వాగు వైపు వేలు చూపించాను.

వాగు ఒడ్డున పాతారు. రెండు మైళ్ళూ మా జిల్లాలోకి వచ్చాయి. సోమవారం నా చేత్తో అర్జీ రాశాను, సరిహద్దు రాయి వాగు ఒడ్డున ఉన్నదని, తమరు స్వయంగా చూడవచ్చునని. ఈసారి ఇటలీ ఊసు ఆయనా ఎత్తలేదు.

మూడు నెలల్లో ఓవర్సీరు వచ్చాడు. రాయి చూశాడు, రాసుకున్నాడు, వెళ్ళాడు. ఆ వేసవికి కంకర కుప్పలు పడ్డాయి. గ్యాంగు దిగింది, రోలరు వచ్చింది. డ్రైవరు గారికి ఇక తిండీ నిద్రా లేవు. బస్సు ఆపి దిగడం, మేస్త్రీతో తగువు పెట్టుకోవడం. ప్రయాణికులు లోపల చెమటలు కక్కుతుండేవారు.

"నడుమ ఎత్తుండాలయ్యా, తాబేలు వీపులాగా. నీళ్ళు అటూ ఇటూ జారిపోవాలి. నువ్వేమో పళ్ళెంలాగా చేస్తన్నావు."

"నువ్వు డ్రైవరువా, ఇంజనీరువా?" అన్నాడు మేస్త్రీ.

"దీని మీద పోయేవాణ్ణి" అన్నారాయన.

విసిగిపోయిన మేస్త్రీ నడుమ ఎత్తు చేయించాడు. రోడ్డు పూర్తయిన రోజు పొద్దున నేను ముందు సీట్లో ఉన్నాను. బస్సు కంకర మీద కరకరమంటూ, ఎక్కడా ఎగరకుండా, వాగు దాకా పోయింది. అక్కడ డ్రైవరు గారు బస్సు వెనక్కి తిప్పారు. మళ్ళీ మొదటికి తోలుకొచ్చారు. మళ్ళీ తిప్పారు.

"ఏందయ్యా ఇది, మేం పొదిలి పోవాలా వద్దా?" అని వెనకనుంచి కేకలు.

ఆయన వినిపించుకోలేదు. రెండోసారి వాగు చేరాకే బస్సును పొదిలి దారి పట్టించారు.

ఏడాదిన్నర బాగా గడిచింది. ఆ తర్వాత చిక్కు మొదలైంది. రాయి జరగడంతో తుమ్మచెట్లకూ వాగుకూ మధ్యనున్న చేలకు రెండు జిల్లాల నుంచీ శిస్తు నోటీసులు వచ్చాయి. రైతులు గోల పెట్టారు. పాత పటాలు తీశారు, గొలుసులు పట్టి కొలిచారు. రాయి ఉండవలసిన చోట లేదని తేలింది. విచారణకు ఒక తాసీల్దారు మా బడికే వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాడు. డ్రైవరు గారినీ కండక్టరునూ పిలిపించి వరండాలో నిలబెట్టారు. పిల్లల్ని బయటికి పంపారు.

తాసీల్దారు ఫైలు తీసి కాగితం ఒకటి నా ముందు పెట్టాడు.

"ఈ రాత మీదేనా అమ్మా?"

"నాదేనండి."

"రాయి వాగు ఒడ్డున ఉందని రాశారు. మీరు చూశారా? అంతకుముందు అది ఎక్కడుండేదో తెలుసా?"

 మా తమ్ముడు అప్పుడు కాలేజీలో చేరి ఏడాది కాలేదు. అమ్మకు చూపు తగ్గుతోంది. ఇంట్లో జీతం నా ఒక్కదానిదే. ఇవన్నీ ఆ క్షణంలో ఆలోచించానా, తర్వాత సర్దిచెప్పుకోవడానికి ఆలోచించానా, ఇప్పటికీ నాకు స్పష్టంగా తెలియదు. తల వంచుకుని ఆ కాగితం మీద నా అక్షరాలే చూస్తూ కూర్చున్నాను. బయట పిల్లలెవరో ఎక్కాలు చదువుతున్నారు. ఏడో ఎక్కం సగందాకా విన్నాను.

అప్పుడు గుమ్మంలోంచి ఆయన గొంతు వినపడింది. "ఆవిణ్ణి అడిగితే ఏం తెలుస్తదండీ? రాయడం వచ్చు గనక రాసింది. నేనేం చెప్తే అది రాసింది. రాయి తెచ్చింది నేను, పాతింది నేను. కండక్టరుకీ సంబంధం లేదు, నేను తవ్వమంటే తవ్వాడు."

"ఎందుకు పాతావు?" అన్నాడు తాసీల్దారు.

"రోడ్డు కోసమండీ."

తాసీల్దారు ఆ మాట రాసుకున్నాడు. నన్ను వెళ్ళమన్నాడు.

కోర్టులో ఆయనకు జరిమానా పడింది. బస్సు యజమాని పనిలోంచి తీసేశాడు. రాయిని తుమ్మచెట్ల దగ్గరికి తీసుకెళ్ళి పాతారు. వేసిన రోడ్డును మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేకపోయారు. అది అక్కడే ఉంది. ఆయన వెళ్ళిపోయారు. బస్సులో కొత్త డ్రైవరు వచ్చాడు. కుదురైన మనిషి. టీ కూర్చుని తాగేవాడు.

నాలుగేళ్ళ తర్వాత ఒకరోజు మధ్యాహ్నం బడి ముందు లారీ ఆగింది. మిరపకాయల బస్తాలు వేసుకుని నాగపూరు పోతోంది. కిందికి దిగింది ఆయనే. జుట్టు తెల్లబడింది. పిల్లలు అన్నాలు తింటున్నారు. నేను గేటు దగ్గరికి వెళ్ళాను.

"బాగున్నారా టీచరమ్మగారూ?" అని, జవాబు వినకుండానే రోడ్డు వైపు తిరిగారు. "చూశారా, అంచులు కోసుకుపోతన్నాయి. తారు వెయ్యాలి ఇహ. నాగపూరు అవతల వేస్తన్నారు, చూశాను. మహా అయితే మూడు వానలు ఆగుద్దిది." అంటూనే అటొకసారి ఇటొకసారి నడిచారు. కుదురు లేదు, ఎప్పటిలాగే.

నాలుగేళ్ళుగా లోపల పెట్టుకున్న మాట బయటికి తెచ్చాను. "ఆ రోజు నేను చెప్పాల్సిందండీ. వేలు చూపించింది నేను."

కాదు, మీదేం తప్పు లేదు అంటారనుకున్నాను. అలా అంటారనే ఆ మాట అన్నానేమో కూడా.

ఆయన నడవడం ఆపారు. "అవునండీ, చెప్పాల్సింది" అన్నారు. గొంతులో కోపం లేదు. "గుమ్మంలో నిలబడి కాసేపు ఆగాను నేను. మీరు చెప్తారేమోనని. మీరు చెప్పాక, 'కాదండీ, నేనే' అందామనుకున్నాను."

నేను గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాను.

"అప్పుడు ఇద్దరం ఉండేవాళ్ళం గదా" అన్నారు. ఇంకేదో అనబోయి, క్లీనరు హారన్ కొట్టడంతో, "వస్తానండీ, పొద్దుగూకేసరికి కృష్ణ దాటాలి" అని లారీ ఎక్కేశారు.

ఆ తర్వాత ఒక ఆదివారం కూర్చుని జరిగింది జరిగినట్టు కాగితం మీద రాశాను. వేలు చూపించింది నేనని, తెలిసే ఆ అర్జీ రాశానని. సంతకం చేసి, బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారికి ఇచ్చాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆయన నిలబడే చదివి, మడిచి, నా చేతిలో పెట్టేశారు.

"ఈ కేసు ఎప్పుడో మూసేశారమ్మా. ఇప్పుడిది ఎవరికి కావాలి? పాఠం చెప్పుకోండి" అని జీపెక్కారు.

ఆ కాగితం ఎవరికి కావాలో నాకు తెలుసు. డ్రైవరు గారి చిరునామా కోసం చీరాలకు రాశాను, జవాబు రాలేదు. లారీ ఆఫీసుల్లో అడిగించాను. ఇవాళ బెజవాడలో ఉంటే రేపు రాయపూరు, ఎల్లుండి ఎక్కడో అన్నారు. ఈ దారిన ఎప్పుడో ఒకప్పుడు వస్తారు కదా అనుకున్నాను. అప్పట్నుంచి రోడ్డు మీద లారీ చప్పుడు వినపడితే పాఠం మధ్యలో ఆపి గుమ్మం దాకా వెళ్ళడం అలవాటైంది. పిల్లలకది ఆట. ముందుగా విన్నవాడు "టీచరమ్మా, లారీ!" అని అరిచేవాడు.

నిన్న సోమవారం. నల్లబల్ల మీద భాగహారం లెక్క రాస్తున్నాను. వాగు వైపు నుంచి లారీ వస్తున్న చప్పుడైంది. ఒక పిల్ల "టీచరమ్మా!" అంది. సుద్దముక్క చేతిలో పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాను. అక్కడికి వెళ్ళాక గుర్తొచ్చింది.

అయినా అది దాటిపోయేదాకా నిలబడే ఉన్నాను.